కుంగ్‌ఫూ మ్యాన్‌కు కొత్త దెబ్బ నేర్పడం: ఫైటర్ ఫ్యాక్టరీతో మూవ్ తయారుచేసే పద్ధతి

ఫైటింగ్ గేముల్లో క్యారెక్టర్ల మూవ్స్ మార్చడానికి అభిమానులు తయారుచేసుకున్న టూల్స్ చాలానే ఉన్నాయి. స్ట్రీట్ ఫైటర్ 4కి ఒనో, సూపర్ స్మాష్ బ్రదర్స్ బ్రాల్‌కి ప్రాజెక్ట్ స్మాష్ ఎటాక్స్, ఇలా గేముకొకటి. కానీ మొదటిసారి చెయ్యి పెట్టేవాళ్లకు మ్యూజెన్‌ను మించింది లేదు. 1999లో ఎలెక్‌బైట్ విడుదల చేసిన ఈ ఇంజిన్‌లో మూవ్ అంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోగలిగే టెక్స్ట్. దేన్నీ పగలగొట్టి లోపలికి దూరాల్సిన పనిలేదు.

ఈ గైడ్‌లో మ్యూజెన్‌తో పాటే వచ్చే కుంగ్‌ఫూ మ్యాన్‌కు ఒక ఓవర్‌హెడ్ తయారుచేద్దాం. ముందుకు నొక్కి పట్టి వై బటన్ కొడితే పైనుంచి దిగే గుద్దు. కూర్చుని గార్డ్ చేస్తున్నవాడికి తగలాలి. మూవ్ చిన్నదే, కానీ యానిమేషన్, బాక్సులు, దెబ్బ లెక్కలు, కమాండ్ నాలుగూ ఇందులో తగులుతాయి. ఇది వస్తే ఫైర్‌బాల్ అయినా, సూపర్ అయినా ఇదే దారి.

ఒక్క మాట. ఫైళ్లలో ఈ పేర్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉంటాయి, మీరూ అలాగే టైప్ చేయాలి. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాశాం.

సామాను

ఇంజిన్‌గా మ్యూజెన్ 1.1 గానీ ఇకెమెన్ గో గానీ తీసుకోండి. ఇకెమెన్ గో అనేది గో భాషలో రాసిన ఓపెన్ సోర్స్ ఇంజిన్. మ్యూజెన్ క్యారెక్టర్లను నడిపిస్తుంది, ఇప్పటికీ అప్‌డేట్లు వస్తున్నాయి. కొత్తగా మొదలుపెడుతుంటే దాన్నే పెట్టుకోవడం మేలు. ఎడిటర్‌గా ఫైటర్ ఫ్యాక్టరీ 3 లేదా ఫైటర్ ఫ్యాక్టరీ స్టూడియో. టెక్స్ట్ భాగం ఏ ఎడిటర్‌లో చేసినా ఒకటే గానీ, బాక్సులు గీయడానికి ఫైటర్ ఫ్యాక్టరీ తప్పనిసరి. కోఆర్డినేట్లు చేత్తో టైప్ చేస్తూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది.

అసలు క్యారెక్టర్ మీద పని చేయొద్దు. చార్స్ ఫోల్డర్‌లో ఉన్న కేఎఫ్‌ఎమ్ ఫోల్డర్‌ను కాపీ చేసి, దానికి కేఎఫ్‌ఎమ్2 అని పేరు పెట్టండి. లోపల ఉన్న డెఫ్ ఫైల్ పేరు కూడా కేఎఫ్‌ఎమ్2.డెఫ్‌గా మార్చాలి. ఫోల్డర్ పేరు, డెఫ్ ఫైల్ పేరు ఒకటి కాకపోతే ఇంజిన్‌కు క్యారెక్టర్ దొరకదు. డెఫ్ ఫైల్ తెరిచి నేమ్, డిస్‌ప్లేనేమ్ మార్చండి. తరవాత డేటా ఫోల్డర్‌లోని సెలెక్ట్.డెఫ్‌లో క్యారెక్టర్స్ అనే విభాగం కింద కేఎఫ్‌ఎమ్2 అని ఒక లైను వేయండి. గేమ్ తెరిచి, మార్పులేవీ చేయకముందే ఈ కాపీ సరిగ్గా ఆడుతోందో లేదో చూసుకోండి. తరవాత ఏది చెడినా అది మీరు మార్చిన దాని వల్లేనని అప్పుడు తెలుస్తుంది.

ఏ ఫైల్‌లో ఏముంటుంది

ఎస్ఎఫ్ఎఫ్‌లో బొమ్మలు, ఎస్ఎన్‌డీలో శబ్దాలు. ఎయిర్ ఫైల్‌లో ఆ బొమ్మలు ఏ వరసలో, ఎంతసేపు కనిపించాలి, ఎర్ర, నీలం బాక్సులు ఎక్కడుండాలి అన్నది. సీఎన్ఎస్‌లో మూవ్ నడిచే తీరు: ఎప్పుడు కొట్టాలి, ఎంత డ్యామేజ్, ఎదుటివాడు ఎంతసేపు ఊగాలి. సీఎమ్‌డీలో ఏ బటన్లకు ఏ మూవ్ రావాలన్నది. మనకు చివరి మూడే కావాలి.

మూవ్‌కు ఒక స్టేట్ నంబర్ ఉంటుంది. 200ల్లో నిలబడి కొట్టేవి, 400ల్లో కూర్చుని కొట్టేవి, 600ల్లో గాల్లో కొట్టేవి, 1000 నుంచి స్పెషల్స్, 3000 నుంచి సూపర్లు. ఇంజిన్ ఇలాగే ఉండాలని పట్టుబట్టదు గానీ అందరూ పాటించే వాడుక, కుంగ్‌ఫూ మ్యాన్‌లో దీన్ని ఆసరా చేసుకున్న కోడ్ కూడా ఉంది. కుంగ్‌ఫూ మ్యాన్‌కు 200 లైట్ పంచ్, 210 స్ట్రాంగ్ పంచ్, 230, 240 కిక్‌లు. మనం 220 తీసుకుందాం. ముందు ఫైటర్ ఫ్యాక్టరీలో 220 అనే యాక్షన్ (అంటే యానిమేషన్) గానీ స్టేట్ గానీ లేదని చూసుకోండి.

1. యానిమేషన్

మన కాపీ కేఎఫ్‌ఎమ్2.డెఫ్‌ను ఫైటర్ ఫ్యాక్టరీలో తెరిచి, యానిమేషన్ల విభాగంలో యాక్షన్ 210ని డూప్లికేట్ చేసి నంబర్ 220 ఇవ్వండి. కొత్త బొమ్మలు గీసే ఓపిక ఉంటే తరవాత మార్చుకోవచ్చు. మూవ్ ఆడుతున్నప్పుడు బాగుందో లేదో తేలకముందే బొమ్మలు గీయడం శుద్ధ దండగ.

ఎయిర్‌లో ఒక్కో లైను ఒక ఎలిమెంట్. వరసగా బొమ్మ గ్రూపు, బొమ్మ నంబర్, అడ్డంగా జరుపు, నిలువుగా జరుపు, సమయం ఉంటాయి. సమయం టిక్కుల్లో; సెకనుకు 60 టిక్కులు. మన మూవ్‌కు ఆరు ఎలిమెంట్లు పెట్టుకుని సమయాలు ఇలా ఇవ్వండి: 6, 7, 7, 3, 5, 9. మొదటి మూడూ చెయ్యెత్తడం, నాలుగోది దెబ్బ, చివరి రెండూ చెయ్యి వెనక్కి తీసుకోవడం. బొమ్మలు చాలకపోతే ఒకే బొమ్మను రెండు ఎలిమెంట్లలో వాడండి.

అంటే దెబ్బకు ముందు 20 టిక్కులు, దెబ్బ సజీవంగా ఉండేది 3, తరవాత 14. మొత్తం 37. ఓవర్‌హెడ్‌కు ముందు భాగం 20కి తక్కువ పెట్టకండి. కూర్చుని గార్డ్ చేస్తున్నవాడు చూసి, గుర్తుపట్టి, లేచి గార్డ్ చేయడానికి అంత సమయం కావాలి. 10 టిక్కుల ఓవర్‌హెడ్‌ను చూసి ఆపడం ఎవరి వల్లా కాదు, ఊహించి ఆపాల్సిందే. అలాంటి మూవ్ తయారుచేసినవాడికి తప్ప ఇంకెవరికీ నచ్చదు.

చివరి ఎలిమెంట్‌కు సమయం -1 పెట్టొద్దు. -1 అంటే ఆ బొమ్మ దగ్గరే శాశ్వతంగా ఆగిపోవడం. యానిమేషన్ పూర్తికాదు కాబట్టి మూవ్ కూడా పూర్తికాదు, క్యారెక్టర్ చెయ్యి చాపి శిలైపోతాడు.

2. బాక్సులు

ఎర్ర బాక్సు క్లిస్న్1 (ఫైల్‌లో సీఎల్ఎస్ఎన్1 అని ఉంటుంది), కొట్టేది. నీలం బాక్సు క్లిస్న్2, దెబ్బ తినేది. ఎర్రది ఎదుటివాడి నీలంకు తగిలితేనే హిట్. కొలతలన్నీ రెండు పాదాల మధ్య ఉన్న బిందువు నుంచి: ముందు వైపు ప్లస్, పైకి మైనస్. తల మీదుండే బాక్సుకు మైనస్ అంకె చూసి కంగారుపడొద్దు.

210 నుంచి కాపీ చేశాం కాబట్టి ఎర్ర బాక్సు పాత చోటే ఉంటుంది. దాన్ని తీసేసి, నాలుగో ఎలిమెంట్‌లో మాత్రమే కొత్తది గీయండి. 320 వెడల్పు కోఆర్డినేట్లున్న కుంగ్‌ఫూ మ్యాన్‌కు 12,-75 నుంచి 48,-35 వరకు మొదటి అంచనాగా సరిపోతుంది. ఇక్కడ ముఖ్యమైంది కింది అంచు. బాక్సు -70 దగ్గరే ఆగిపోతే గుద్దు కూర్చున్నవాడి తల మీదుగా గాల్లోకి పోతుంది, ఓవర్‌హెడ్ పెట్టిందే అతని కోసం కదా. పొట్టి క్యారెక్టర్ల మీద కూడా పరీక్షించండి.

చాచిన చేతి మీద నీలం బాక్సు కూడా పెట్టండి, ఎర్రదానికంటే కాస్త పొట్టిగా. చేతికి నీలం లేకపోతే ఎదుటివాళ్లెవరూ ఆ చేతిని కొట్టలేరు, మూవ్ అన్నిటినీ గెలుస్తుంది. ఇక ఎలిమెంట్‌కు నీలం బాక్సే లేకపోతే ఆ టిక్కుల్లో క్యారెక్టర్‌కు ఏదీ తగలదు. కొత్తగా ఎలిమెంట్ చేర్చినప్పుడు జరిగేది ఎక్కువగా ఇదే. క్లిస్న్2డిఫాల్ట్ అని రాసింది దాని కింది ఎలిమెంట్లన్నిటికీ వర్తిస్తుంది. డిఫాల్ట్ అన్న మాట లేకుండా రాసింది తరవాతి ఒక్క ఎలిమెంట్‌కే.

కేఎఫ్‌ఎమ్720 (పెద్ద రిజల్యూషన్ కుంగ్‌ఫూ మ్యాన్) మీద పనిచేస్తుంటే అతని కోఆర్డినేట్లు 1280 వెడల్పువి. పై కొలతల్ని 4తో గుణించాలి, కింద చెప్పబోయే వేగాలను కూడా. ఒక క్యారెక్టర్ నుంచి ఇంకో క్యారెక్టర్‌కు కోడ్ తెచ్చుకుని, మూవ్ చీమంతగా పనిచేస్తోందని తల పట్టుకునేవాళ్లు ముందు రెండు డెఫ్ ఫైళ్లలో లోకల్‌కోఆర్డ్ లైను చూడాలి.

3. స్టేట్‌డెఫ్

సీఎన్ఎస్‌లో 210 స్టేట్ తరవాత స్టేట్‌డెఫ్ 220 మొదలుపెట్టండి. లైన్లు ఇవి:

టైప్ = ఎస్
మూవ్‌టైప్ = ఏ
ఫిజిక్స్ = ఎస్
జగుల్ = 4
వెల్‌సెట్ = 0,0
కంట్రోల్ = 0 (ఫైల్‌లో సీటీఆర్ఎల్ అని ఉంటుంది)
యానిమ్ = 220
పవర్‌యాడ్ = 20
ఎస్‌పీఆర్‌ప్రయారిటీ = 2

మూవ్‌టైప్ ఏ అంటే ఎటాక్. ఈ లైను మర్చిపోతే దెబ్బ తగలదు, ఎదుటివాడు వెనక్కి నొక్కినా గార్డ్ పొజిషన్‌లోకి పోడు. జగుల్ అంటే గాల్లో ఉన్నవాడిని మళ్లీ కొట్టడానికి మూవ్ ఖర్చుచేసే పాయింట్లు. ఆ లైను వదిలేస్తే అంతకుముందు ఆడిన స్టేట్ విలువే ఇక్కడా నడుస్తుంది. దాంతో గాల్లో కాంబోలు ఒకసారి పనిచేసి ఇంకోసారి పనిచేయవు, కారణం ఎక్కడా కనపడదు. కాబట్టి దెబ్బ కొట్టే ప్రతి మూవ్‌కూ దాని మొదటి స్టేట్‌లో జగుల్ రాయండి.

గుద్దుతూ కాస్త ముందుకు రావాలంటే టైప్ = వెల్‌సెట్ అనే కంట్రోలర్ (స్టేట్‌లో ఒక పని చేయించే భాగం) పెట్టి, ట్రిగ్గర్1కు, అంటే ఆ పని ఎప్పుడు జరగాలో చెప్పే షరతుకు, యానిమ్‌ఎలెమ్ = 2, ఎక్స్ విలువకు 4 ఇవ్వండి. ఫిజిక్స్ ఎస్ కాబట్టి నేల రాపిడి ప్రతి టిక్కుకూ వేగాన్ని తగ్గిస్తుంది. కుంగ్‌ఫూ మ్యాన్‌కు అది 0.85. 4తో మొదలైతే ఆగేలోపు దాదాపు 25 పిక్సెళ్లు జారుతాడు. రాపిడి వద్దనుకుని ఫిజిక్స్ ఎన్ పెడితే ఆపే బాధ్యత కూడా మీదే, లేకపోతే గోడ దాకా పోతాడు.

చివర్లో టైప్ = ఛేంజ్‌స్టేట్, ట్రిగ్గర్1 = యానిమ్‌టైమ్ = 0, వాల్యూ = 0, సీటీఆర్ఎల్ = 1. ఈ చివరి 1ని తేలిగ్గా తీసుకోవద్దు. అది లేకపోతే క్యారెక్టర్ చక్కగా నిలబడతాడు, ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతాడు, కానీ ఏ బటన్‌కూ పలకడు. గేమ్ హ్యాంగయిందని అనుకుంటారు గానీ కంట్రోల్ తిరిగివ్వలేదంతే.

4. హిట్‌డెఫ్

మూవ్‌కు ప్రాణం ఇక్కడుంది. చాలామంది ఇక్కడికి వచ్చి డ్యామేజ్ అంకె పెంచి వెళ్లిపోతారు. నిజానికి డ్యామేజ్ చివర్లో చూసుకోవాల్సింది. దెబ్బ బరువుగా అనిపించేదీ, మూవ్ న్యాయంగా ఉండేదీ లేనిదీ తేల్చేది టైమింగ్ అంకెలే.

టైప్ = హిట్‌డెఫ్
ట్రిగ్గర్1 = యానిమ్‌ఎలెమ్ = 4
ఆట్ర్ = ఎస్, ఎన్ఏ
డ్యామేజ్ = 60, 0
యానిమ్‌టైప్ = మీడియం
గార్డ్‌ఫ్లాగ్ = హెచ్ఏ
హిట్‌ఫ్లాగ్ = ఎమ్ఏఎఫ్
ప్రయారిటీ = 4, హిట్
పాజ్‌టైమ్ = 10, 10
గ్రౌండ్.టైప్ = హై
గ్రౌండ్.హిట్‌టైమ్ = 15
గ్రౌండ్.స్లైడ్‌టైమ్ = 12
గార్డ్.హిట్‌టైమ్ = 11
గ్రౌండ్.వెలాసిటీ = -5
ఎయిర్.వెలాసిటీ = -2,-3
హిట్‌సౌండ్ = 5,2
గార్డ్‌సౌండ్ = 6,0

ట్రిగ్గర్ దగ్గర ఆగుదాం. ఎలిమెంట్లను 1 నుంచి లెక్కపెట్టాలి, బాక్సులను మాత్రం 0 నుంచి. యానిమ్‌ఎలెమ్ = 4 అంటే నాలుగో ఎలిమెంట్ మొదలైన ఒక్క టిక్కులోనే హిట్‌డెఫ్ తయారవుతుంది; తగిలేదాకా సిద్ధంగా ఉంటుంది, ఒక్కసారి తగలగానే అయిపోతుంది. అందుకే ఎర్ర బాక్సు మూడు టిక్కులున్నా దెబ్బ ఒకటే. దీనికి బదులు యానిమ్‌ఎలెమ్‌టైమ్(4) >= 0 అని రాస్తే టిక్కు టిక్కుకూ కొత్త హిట్‌డెఫ్ పుట్టి ఒక గుద్దే మూడు సార్ల దాకా తగులుతుంది. డ్యామేజ్ 60 పెడితే ఎదుటివాడి లైఫ్ అంతకు రెండు మూడింతలు పోతోందంటే ముందు చూడాల్సిన లైను ఇదే. అలాగే, తరవాత ఎప్పుడైనా యానిమేషన్ ముందు భాగంలో ఎలిమెంట్ చేర్చితే ఇక్కడ 4ని 5 చేయడం మర్చిపోకండి. చేయకపోతే దెబ్బ తయారయ్యే టిక్కు, ఎర్ర బాక్సు కనిపించే టిక్కు విడిపోతాయి.

గార్డ్‌ఫ్లాగ్‌లో హెచ్ నిలబడి గార్డ్ చేయడానికి, ఎల్ కూర్చుని, ఏ గాల్లో. ఎమ్ అంటే హెచ్, ఎల్ రెండూ. హెచ్ఏ అన్నాం కాబట్టి కూర్చుని గార్డ్ చేస్తే తగులుతుంది. స్వీప్ (కాళ్లకు తగిలే దెబ్బ) కావాలంటే ఎల్ ఒక్కటే రాయాలి.

పాజ్‌టైమ్‌లో మొదటి అంకె కొట్టినవాడు ఆగే టిక్కులు, రెండోది తిన్నవాడు వణికే టిక్కులు. దెబ్బ బరువు ఇక్కడి నుంచే వస్తుంది. 4,4 పెడితే కాగితంతో కొట్టినట్టుంటుంది, 18,18 పెడితే ప్రతి గుద్దుకూ ఆట ఆగి ఆగి నడుస్తుంది. లైట్‌కు 8, మధ్యరకానికి 10, గట్టిదానికి 12 నుంచి 14 దాకా బాగుంటుంది. రెండు అంకెలూ సమానంగా ఉంచండి. 10,14 అని పెడితే కొట్టినవాడికి చెప్పాపెట్టకుండా 4 టిక్కుల లాభం వస్తుంది.

ఇప్పుడు ఫ్రేమ్ లెక్క. దెబ్బ నాలుగో ఎలిమెంట్ మొదటి టిక్కులో తగిలిందనుకుందాం. కొట్టినవాడికి ఇంకా 3 + 5 + 9 = 17 టిక్కులు మిగిలాయి. తిన్నవాడు గ్రౌండ్.హిట్‌టైమ్ ప్రకారం 15 టిక్కులు ఊగుతాడు. 15 - 17 = -2. అంటే తగిలినా కొట్టినవాడే రెండు టిక్కులు ఆలస్యంగా తేరుకుంటాడు. గార్డ్ చేస్తే 11 - 17 = -6. ఇంజిన్ లెక్కలో ఒక టిక్కు అటూ ఇటూ అవ్వొచ్చు, కింద చెప్పినట్టు కళ్లతో సరిచూసుకోండి. చివరి యాక్టివ్ టిక్కులో తగిలితే మిగిలింది 15 కాబట్టి -2 కాస్తా 0 అవుతుంది, అంటే రెండు టిక్కులు కలిసొస్తాయి. పడి లేస్తున్నవాడి మీద ఆలస్యంగా తగిలేలా కొట్టడంలో ఉన్న కిటుకు ఇదే.

హిట్‌టైమ్ పెంచాలని చెయ్యి దురదపెడుతుంది. 30 పెట్టారనుకోండి, లాభం +13. కుంగ్‌ఫూ మ్యాన్ లైట్ పంచ్ అంతకంటే చాలా త్వరగా తగులుతుంది, అక్కడి నుంచి కాంబో మొదలవుతుంది. నియమం ఒక్కటే: ఒక మూవ్ తగిలాక వచ్చే లాభం అదే మూవ్ స్టార్టప్ (దెబ్బకు ముందు టిక్కులు) కంటే ఎక్కువైతే, ఎదుటివాడు దూరంగా జారిపోకపోతే, అది అంతులేని కాంబో. నేల మీద కాంబోలకు మ్యూజెన్‌లో దానంతటదే పడే అడ్డుకట్ట లేదు, డ్యామేజ్ దానంతటదే తగ్గదు కూడా. జగుల్ పాయింట్లు గాల్లో ఉన్నవాడికే. కాబట్టి మనకున్న పగ్గాలు హిట్‌టైమ్, గ్రౌండ్.వెలాసిటీ, స్లైడ్‌టైమ్.

గార్డ్.హిట్‌టైమ్ రాయకపోతే గ్రౌండ్.హిట్‌టైమ్ విలువే తీసుకుంటుంది. అంటే గార్డ్ చేసినవాడికీ తిన్నవాడికీ ఒకటే శిక్ష. విడిగా రాయండి.

గ్రౌండ్.వెలాసిటీలో మైనస్ అంటే ఎదుటివాడు మన నుంచి దూరంగా పోవడం. రెండో అంకె కూడా ఇస్తే, ఉదాహరణకు -3,-7, అతను గాల్లోకి లేస్తాడు. లేపి పడగొట్టాలంటే ఫాల్ = 1 కూడా చేర్చాలి. మన మూవ్‌కు అవసరం లేదు. ఓవర్‌హెడ్‌తో పడగొట్టడం కూడా కలిపితే దానికి విరుగుడు కరువవుతుంది.

శబ్దాల గురించి ఒక్క వాక్యం: హిట్‌సౌండ్ అంకెకు ముందు ఎస్ అక్షరం ఉంటే మీ క్యారెక్టర్ ఎస్ఎన్‌డీ నుంచి, లేకపోతే ఇంజిన్ ఉమ్మడి శబ్దాల నుంచి వస్తుంది, దెబ్బ మెరుపు ఏదో చెప్పే స్పార్క్‌నోకూ ఇలాంటి నియమమే.

5. కమాండ్

సీఎమ్‌డీ ఫైల్‌లో రెండు భాగాలుంటాయి. పైన కమాండ్ల నిర్వచనాలు, కింద స్టేట్‌డెఫ్ -1 అనే పెద్ద జాబితా. వై, హోల్డ్‌ఫార్వర్డ్ రెండూ ముందే నిర్వచించి ఉన్నాయి కాబట్టి (రెండోది ఫైల్‌లో హోల్డ్ఎఫ్‌డబ్ల్యూడీ) పైభాగంలో పనిలేదు. కొత్త మోషన్ కావాలంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: పెద్ద అక్షరం బీ అంటే వెనక్కి, చిన్న అక్షరం బీ అంటే బటన్. కమాండ్ పేర్లలో కూడా పెద్ద చిన్న అక్షరాల తేడా ఉంది.

కింది జాబితాను ఇంజిన్ పైనుంచి కిందికి చూస్తుంది, ముందు కుదిరినదాన్ని తీసుకుంటుంది. అందుకే సూపర్లు పైన, స్పెషల్స్ తరవాత, మామూలు దెబ్బలు అడుగున. మన మూవ్ ఎక్కడ పెట్టాలన్నదే ఇక్కడ చిక్కు. కుంగ్‌ఫూ మ్యాన్ త్రో కూడా దగ్గరగా ఉన్నప్పుడు ముందుకు ప్లస్ వై. మన ఎంట్రీ త్రోకు పైన పెడితే త్రో ఎప్పటికీ రాదు. స్ట్రాంగ్ పంచ్‌కు కింద పెడితే మనదే ఎప్పటికీ రాదు. త్రోకు కింద, స్టాండ్ పంచ్‌లకు పైన పెట్టండి.

టైప్ = ఛేంజ్‌స్టేట్
వాల్యూ = 220
ట్రిగ్గర్‌ఆల్ = కమాండ్ = "వై"
ట్రిగ్గర్‌ఆల్ = కమాండ్ = "హోల్డ్ఎఫ్‌డబ్ల్యూడీ"
ట్రిగ్గర్‌ఆల్ = కమాండ్ != "హోల్డ్‌డౌన్"
ట్రిగ్గర్‌ఆల్ = స్టేట్‌నో != 100
ట్రిగ్గర్1 = స్టేట్‌టైప్ = ఎస్
ట్రిగ్గర్1 = సీటీఆర్ఎల్

100 అంటే పరుగు. పరిగెత్తేటప్పుడు ముందుకు నొక్కే ఉంచుతాం, కాబట్టి ఆ లైను లేకపోతే పరుగులో వై నొక్కినప్పుడల్లా ఓవర్‌హెడే వస్తుంది. ట్రిగ్గర్‌ఆల్ ఒక్కటే రాసి వదిలేస్తే ఇంజిన్ ఒప్పుకోదు, ట్రిగ్గర్1 ఉండి తీరాలి. ట్రిగ్గర్1 తరవాత 2 లేకుండా 3 రాస్తే ఆ 3ని పట్టించుకోదు.

ఇంకో సంగతి మీరు ఏమీ చేయకుండానే జరిగిపోతుంది. కుంగ్‌ఫూ మ్యాన్ సీఎమ్‌డీలో వేర్(1) అనే వేరియబుల్ ఉంది. 200 నుంచి 299, 400 నుంచి 499 స్టేట్లలో దెబ్బ తగిలినా, గార్డ్ అయినా అది 1 అవుతుంది, అప్పుడు స్పెషల్స్‌లోకి క్యాన్సిల్ చేయొచ్చు, అంటే మూవ్ పూర్తికాకముందే మధ్యలో వదిలి స్పెషల్ కొట్టొచ్చు. మన 220 ఆ మధ్యే ఉంది. అంటే ఓవర్‌హెడ్ తగలగానే కుంగ్‌ఫూ పామ్ అనే స్పెషల్‌లోకి వెళ్లిపోవచ్చు, పైన వేసిన -2, -6 లెక్కలన్నీ గాలికి. అది ఎక్కువ బలమే. అదే చోట 440ని మినహాయిస్తూ ఒక లైను కనిపిస్తుంది. దాని కింద స్టేట్‌నో!= 220 అని అదే ట్రిగ్గర్ నంబర్‌తో ఇంకొకటి చేర్చండి.

6. పరీక్ష

ట్రైనింగ్ మోడ్‌కు వెళ్లి కంట్రోల్+సీ నొక్కితే బాక్సులు కనిపిస్తాయి, కంట్రోల్+డీ నొక్కితే స్టేట్ నంబర్, యానిమేషన్ వివరాలు కింద వస్తాయి. పాజ్ కీతో ఆపి, స్క్రోల్ లాక్ నొక్కుతూ పోతే ఒక్కో టిక్కు ముందుకు కదులుతుంది. ల్యాప్‌టాప్‌లో స్క్రోల్ లాక్ లేకపోతే విండోస్ ఆన్‌స్క్రీన్ కీబోర్డ్‌లో ఉంటుంది. ఫైల్ మార్చిన ప్రతిసారీ గేమ్ మూసి తెరవనక్కర్లేదు. షిఫ్ట్+ఎఫ్4 క్యారెక్టర్లను మళ్లీ లోడ్ చేస్తుంది. ఇవేవీ పనిచేయకపోతే మ్యూజెన్.సీఎఫ్‌జీలో డీబగ్ విభాగం చూడండి.

చూడాల్సినవి: నిలబడి గార్డ్ చేస్తే ఆగుతోందా, కూర్చుని గార్డ్ చేస్తే తగులుతోందా, కూర్చున్న పొట్టివాడికి తగులుతోందా, అతుక్కుని నిలబడితే త్రో వస్తోందా, మూల దగ్గర వరసగా కొడితే ఏమవుతోంది. మూల చాలా ముఖ్యం. ఎదుటివాడు వెనక్కి జారడానికి చోటు ఉండదు, స్టేజ్ మధ్యలో కుదరని కాంబో అక్కడ కుదురుతుంది. తరవాత మూవ్ తగిలిన వెంటనే లైట్ పంచ్ కొట్టి చూడండి. కాంబో కౌంటర్ 2 చూపిస్తే మీ లెక్క ఎక్కడో తప్పింది, పాజ్‌టైమ్ రెండో అంకె ముందు చూడండి.

ఫ్రేమ్ లెక్క కళ్లతో చూడాలంటే దెబ్బ తగిలాక టిక్కు టిక్కుగా జరుపుతూ, కొట్టినవాడు స్టేట్ 0కి ఏ టిక్కులో వచ్చాడో, తిన్నవాడు ఏ టిక్కులో వచ్చాడో లెక్కపెట్టండి.

డీబగ్ లైన్లలో ఇన్‌వాలిడ్ యాక్షన్ అని కనిపిస్తే యానిమేషన్ 220 లేదని అర్థం, సాధారణంగా ఎయిర్ ఫైల్ సేవ్ చేయకపోవడం వల్ల. ఇన్‌వాలిడ్ స్టేట్ అంటే స్టేట్‌డెఫ్ 220 ఇంజిన్‌కు కనపడలేదు. కొత్త స్టేట్‌ను వేరే ఫైల్‌లో రాసుకుంటే ఆ ఫైల్ పేరు డెఫ్‌లో ఎస్‌టీ అనే వరసలో చేర్చారో లేదో చూడండి. ఏ తప్పూ కనిపించకుండా మూవ్ రాకపోతే తొంభై పాళ్లు సీఎమ్‌డీలో వరస తప్పిందే. మన ఎంట్రీని తాత్కాలికంగా జాబితా మొదట్లో పెట్టి చూడండి. అప్పుడు వస్తే సందేహం లేదు.

ఒకసారికి ఒక్క అంకే మార్చండి. హిట్‌టైమ్, పాజ్‌టైమ్, బాక్సు మూడూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు.

ఇదే పని అమ్మకపు గేముల్లో

పేర్లు మారతాయి, ఆలోచన మారదు. స్ట్రీట్ ఫైటర్ 4లో క్యారెక్టర్‌కు బీసీఎమ్, బీఏసీ అనే ఫైళ్లుంటాయి. మొదటిది కమాండ్లు, అంటే మన సీఎమ్‌డీ చేసే పని. రెండోది మూవ్ స్క్రిప్టులు, హిట్‌బాక్సులు, అంటే సీఎన్ఎస్, ఎయిర్ కలిపి చేసే పని. ఒనో తెరిచి కొత్తగా కనిపించే పట్టికలు చూసి భయపడకుండా స్టార్టప్ ఎక్కడుంది, హిట్‌స్టన్ (తిన్నవాడు ఊగే సమయం) ఎక్కడుంది, క్యాన్సిల్ జాబితా ఎక్కడుంది అని వెతికితే దారి దొరుకుతుంది.

తేడా ఆన్‌లైన్ దగ్గర వస్తుంది. మ్యాచ్‌లో ఇద్దరి కంప్యూటర్లూ ఒకే లెక్క వేస్తేనే ఆట కలిసి నడుస్తుంది. ఒకరి దగ్గర మార్చిన ఫైల్, ఇంకొకరి దగ్గర పాతది ఉంటే మొదటి దెబ్బకే రెండు స్క్రీన్ల మీద రెండు వేరే ఆటలు నడుస్తాయి, కనెక్షన్ తెగిపోతుంది. ర్యాంక్ మ్యాచ్‌ల్లో మార్చిన ఫైళ్లతో వెళ్తే అకౌంట్ కూడా పోవచ్చు. అసలు ఫైళ్లు వేరే చోట దాచి, మార్చినవి ఆఫ్‌లైన్‌లో గానీ, అవే ఫైళ్లున్న స్నేహితుడితో గానీ ఆడండి. ఇకెమెన్ గోలో నెట్‌ప్లే ఆడేటప్పుడు కూడా ఇద్దరి దగ్గరా క్యారెక్టర్ ఫోల్డర్ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. మీరు హిట్‌టైమ్ ఒక్కటి మార్చినా ఫోల్డర్ మొత్తం మళ్లీ పంపండి.

వేరేవాళ్లు తయారుచేసిన క్యారెక్టర్ మీద పనిచేస్తే ఫోల్డర్‌లోని రీడ్‌మీ చదవండి. మార్చి పంచుకోవచ్చని కొందరు రాస్తారు, తమ అనుమతి లేకుండా వద్దని కొందరు రాస్తారు. ఒప్పుకున్నవాళ్ల విషయంలో కూడా మూల క్యారెక్టర్ ఎవరిదో, మీరు మార్చిన స్టేట్ నంబర్లేవో మీ రీడ్‌మీలో రాయండి. ఇంకొకరు ఆ క్యారెక్టర్‌కే ఇంకో మూవ్ చేర్చాలనుకున్నప్పుడు 220 అప్పటికే వాడేశారని వాళ్లకు అక్కడే తెలుస్తుంది.